గంగులు దాటని గడప

అనగా అనగా, మా అబ్బకు అబ్బ ఇంకా పుట్టని కాలం. అప్పుడు మా ఊళ్లో గంగులు అని బావులు తవ్వే మనిషి ఉండేవాడు. పక్కూరోళ్లు వాడు మావాడే అంటారు. వాళ్ల మాట నమ్మొద్దు. గంగులు మా ఊరోడే. అందుకే ఈ సిగ్గు కూడా మాదే.

ఎర్ర అంచు తలపాగా చుట్టే రాయప్ప ఊరికి పెద్ద. మా ఇంటి మూలపురుషుడు ఆయనే. ఆయన కూతురు చెన్నమ్మ పురుటికొచ్చి బిడ్డను కనింది. ఆ యేడు ఎండకు గోడలు కూడా కాగినాయి. బిడ్డ ఒళ్లంతా చెమటకాయలు పేలి, పాలు తాగడం మానేసింది.

గంగులు వచ్చి రాయప్ప గడప బయట నిలబడినాడు.

"సామీ, మూడు నిలువుల లోతున భూమి ఎండాకాలం చల్లన, చలికాలం వెచ్చన. బావుల్లో దిగేవాణ్ణి, నా ఒంటికి తెలుసు. మట్టి గొట్టాలు పూడ్చి ఆ చల్లదనం బిడ్డ గదిలోకి తెస్తా."

"గాలి నీ మాట వింటుందా?"

"వినదు సామీ. దారి చూపిస్తే పోతుంది. నా మాదిరే."

తవ్వినాడు. ఒక నిలువు తవ్వినాడు, రెండు నిలువులు తవ్వినాడు, మూడు నిలువులు తవ్వినాడు. రెండే అనేవాళ్లున్నారు. కొలత నేను తప్పు చెప్పను. పెరట్లో పడమటి గాలికి ఒక మూతి తెరిచి, అక్కణ్ణించి గోడ కింది దాకా గొట్టాలు పరిచినాడు. ఒకదాని సన్నమూతి ఇంకోదాని వెడల్పు మూతిలో దూరాలి. మిగిలింది ఒక్క గొట్టం. అది గది లోపల నిలబెట్టాలి.

"సామీ, ఆఖరిది నా చేత్తో పెట్టనీ."

"గడప దాటొద్దు. అక్కణ్ణించే చెప్పు."

"సన్నమూతి కిందికి, సామీ."

రాయప్ప తలుపేసుకుని తనే పెట్టి, మన్ను కప్పేసినాడు.

గది కొత్త కుండలాగా చల్లబడింది. బిడ్డ పాలు తాగింది. మూడు వారాలు అంతా బాగుంది. తర్వాత ఆ గొట్టంలోంచి కంపు మొదలైంది, ఎలుక చచ్చినట్టు. చెన్నమ్మ బిడ్డను కొంగులో చుట్టుకుని ఆ ఎండలోనే అత్తవారూరికి పోయింది. బిడ్డ ఎట్లనో గట్టెక్కింది.

"వాడి చేతి దోషం" అన్నాడు రాయప్ప. ఊరంతా అదే మాట పట్టుకుంది. గంగులు తవ్వితే నీళ్లు కూడా కంపు కొడతాయన్నారు.

గంగులు రెండోసారి వచ్చినాడు.

"ఒక్కసారి తీసి చూడనీ సామీ."

"గడప దాటొద్దు. అక్కణ్ణించే చెప్పు."

చూడకుండా ఏం చెబుతాడు? రాయప్ప గొట్టం మీద బండ పెట్టి మూసినాడు. గంగులును మళ్లీ ఎవరూ బావికి పిలవలేదు.

ఏళ్లు గడిచినాయి. మూడోసారి గంగులు ఊతకట్టె పట్టుకుని వచ్చినాడు.

"పోయేలోపల ఆ గొట్టం చూసి పోతా సామీ. నా పేరు కంపు కొడతాంది."

"గడప దాటొద్దు. అక్కణ్ణించే చెప్పు."

"చెప్పేదేం లేదులే సామీ" అని వెనక్కి తిరిగినాడు.

ఆ వానాకాలమే పోయినాడు. మోయడానికి నలుగురు రాలేదు. ఇద్దరే మోసినారు. మా ఇంటి నుంచి ఒక్కరూ పోలేదు.

ఆ సంగతి తెలిసి చెన్నమ్మ పుట్టింటికి వచ్చింది. గడ్డపార తీసుకుని, బండ లేపి తనే తవ్వింది. ఆఖరి గొట్టం తలకిందులుగా ఉంది, వెడల్పు మూతి కిందికి. రెండు వెడల్పు మూతులు అతకవు కదా. ఆ సందులో కుళ్లిన గుడ్డ కుక్కి ఉంది. చెన్నమ్మ దాన్ని నీళ్లలో జాడించింది. ఎర్ర అంచు బయటపడింది.

"నాయనా, ఈ తలపాగా ఎవరిది?"

రాయప్ప చెయ్యి తల మీదికి పోయింది.

కుక్కిన సంగతి మరిచిపోయినానని చెప్పుకున్నాడంట. నేను నమ్మను. ఆయన పేరు మా ఇంట్లో ఏ బిడ్డకూ పెట్టనియ్యలేదు, పెట్టనియ్యను.

మా ఇంటి మగవాళ్లు పెళ్లిలో కూడా తలపాగా చుట్టరు. ఊళ్లో ఎవరు కొత్త ఇల్లు కట్టినా, ఆవు కంటే ముందు పునాది తవ్విన మనిషి కాలు లోపల పడాలి. ఇంటి యజమాని తలపాగా లేకుండా ఒట్టి తలతో లోపల నిలబడి పిలవాలి:

"గడప దాటి రా గంగులూ. లోపలికొచ్చి చెప్పు."

వచ్చినవాడి పేరు ఏదైనా, ఆ దినానికి వాడు గంగులే. ఒక్కసారి పిలిస్తే చాలదు. మూడుసార్లు పిలవాలి. మేము మూడుసార్లు వద్దన్నాం.