ఊదిన పాలు

మౌలాలికి నోరు పెద్దది. మనసు కూడా పెద్దదేలెండి, కాదనను. కానీ ఆ రోజు ముందుగా తెరుచుకున్నది నోరే. "పాలు తీసుకుని గుట్టకు రాండి. మా తాత ఒక్కసారి ఊదినాడంటే విషం గిషం ఏదీ నిలవదు" అని ఊరూరా చాటి వచ్చాడు. తీరా జనం చెంబులు, కేన్లు పట్టుకుని దర్గా వాకిట్లో బారులు తీరితే, తాత మాత్రం వేపపుల్ల నములుతూ అరుగు మీద కూర్చున్నాడు. లేచే ఊసే లేదు.

తాత అంటే దస్తగిరి తాత, నల్లగుట్ట దర్గాకు పెద్ద. బిడ్డకు జ్వరమొచ్చినా, దిష్టి తగిలినా, ఆవు చేపకపోయినా ఆ చుట్టుపక్కల జనం కులం మతం చూడకుండా ఆయన దగ్గరికే వస్తారు. ఆయన కళ్ళు మూసుకుని, పెదాల మీదే ఏదో చదివి, నీళ్ళ మీదనో చక్కెర మీదనో మెల్లగా ఊదుతాడు. దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుపోతారు. మౌలాలి ఆయన శిష్యుడు. దర్గా ఆవులను మేపడం, పాలు పితకడం, వాకిలి ఊడ్చడం అన్నీ అతనివే. భార్య ఉసేనమ్మ, నాలుగేళ్ళ కూతురు మాబున్నితో గుట్ట కిందే కాపురం.

ఇక విషం సంగతి. కొండలకు అవతల ఎక్కడో దూరాన ఉన్న అణువిద్యుత్ కేంద్రంలో ఏదో బద్దలైందట. గాలి ఇటు తిరిగింది. ఆ గాలితోపాటే ఒక వాన కూడా వచ్చింది. ఎండకు మాడిపోయిన బీళ్ళ మీద ఎన్నాళ్ళకో పడిన వాన కదా, జనం తడుస్తూ సంబరపడ్డారు. ఆవులు తడిసిన గడ్డిని కడుపారా మేశాయి. ఆ తర్వాత నర్సమ్మ విమల జీపులో వచ్చి మైకు పట్టుకుంది. గడ్డి మీద పడిన అయోడిన్ విషం పాలలోకి దిగుతుందని, పిల్లలు ఆ పాలు తాగితే గొంతులోని గ్రంథిలో చేరి పాడు చేస్తుందని చెప్పింది. బయట మేసిన ఆవుల పాలు పిల్లలకు పోయొద్దంది, ఆకుకూరలు పెట్టొద్దంది. ప్రతి పిల్లకూ పిల్లాడికీ దగ్గరుండి ఒక మాత్ర మింగించి మరీ పోయింది.

కంటికి కనపడదు, వాసన రాదు, రుచి తెలీదు. అలాంటిదాన్ని నమ్మేదెట్లా చెప్పండి? పాలు చూస్తే ఎప్పటిలాగే తెల్లగా, నురగ కట్టి ఉన్నాయాయె. కొందరు బాగా మరగకాచితే సరి అన్నారు. "కాచితే చచ్చేది పురుగమ్మా, ఇది పురుగు కాదు" అని నర్సమ్మ నెత్తి కొట్టుకుంది. లింగమ్మవ్వయితే మాత్రలో ఉన్నది, విషానికి గొంతులో చోటు లేకుండా ముందే నిండే మంచి అయోడినని విని, ఉప్పు పాకెట్టు మీదా అదే పేరు ఉందని ఎవరో చదివి చెబితే, మనవడి సంగట్లో గుప్పెడు ఉప్పు కలిపి పెట్టింది. వాడి ఏడుపు ఊరంతా వినపడింది. ఉప్పు తిన్నంత మాత్రాన ఆ పని కాదని అవ్వకు నచ్చజెప్పేసరికి నర్సమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంత గందరగోళంలో మౌలాలికి తోచిన ఒకే ఒక దారి తాత ఊపిరి. అతని బాధ అతనిది, పాపం. మాబున్ని పాలు తప్ప ఇంకేదీ ముట్టని పిల్ల. పొద్దున లేస్తూనే గ్లాసు పట్టుకుని ఆవు దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. నర్సమ్మ వద్దన్నప్పటి నుంచి ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురు పోయింది. ఆ ఏడుపు విన్నప్పుడల్లా మౌలాలి కొట్టంలోకి పోయి ఆవుల మధ్య నిలబడేవాడు.

"తాతా, జనం ఎండలో నిలబడినారు" అన్నాడు మెల్లగా.

తాత వేపపుల్ల పారేసి, నోరు పుక్కిలించాడు. "ఎవరు రమ్మన్నారు?"

"నేనే."

"నేను ఊదుతానని నీకెవరు చెప్పినారు?"

"ఎవరికైనా ఎప్పుడైనా కాదన్నావా తాతా నువ్వు?"

తాతకు నవ్వొచ్చింది. "దొంగనాయాలా, మాట బాగనే నేర్చినావు" అంటూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచాడు.

ఒక్కో చెంబు దగ్గరా ఆగి, "ఎవరికమ్మా?" అని బిడ్డ పేరు అడిగాడు. పేరు పలికి, చదివి, ఊదాడు. ఎవరినీ తొందరపెట్టలేదు, ఎవరినీ దాటెయ్యలేదు. అందరిదీ అయ్యాక మౌలాలి చెంబు దగ్గరికి వచ్చాడు. అక్కడ పేరు అడగలేదు. తనే "మాబున్ని" అని, ఊది, మూత పెట్టాడు.

మౌలాలికి ప్రాణం లేచొచ్చింది. "చూసినారా, నేను చెప్పలా!" అని జనం వైపు ఒకసారి ఛాతీ విరుచుకుని చూసి, చెంబెత్తుకుని గుట్ట దిగబోయాడు. తాత చెంబు అంచు పట్టుకున్నాడు.

"యాడికి?"

"పాపకు తాపేదానికి."

"నా ఊపిరి ఇంకా పాలల్లోకి దిగలేదురా."

మౌలాలి తెల్లబోయాడు. "మరి ఎప్పుడు దిగుతాది?"

"ఉరుసుకు."

దర్గాలో ఏటా జరిగే ఆ ఉరుసు పండగకు ఇంకా మూడు నెలలుంది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఓబులమ్మ అనే కోడలుపిల్ల చంకలో బిడ్డను సర్దుకుంటూ ముందుకొచ్చింది. "పాలు అన్నినాళ్ళు ఎట్ల నిలుస్తాయి సామీ? పొద్దుగూకేసరికే విరిగిపోతాయి కదా!"

"పాలు నిలవవు తల్లీ. నెయ్యి నిలుస్తాది. తోడేసుకోండి, చిలకండి, వెన్న కాచి జాడీల్లో పోసి మూతి కట్టండి. ఉరుసునాడు ఆ నేతితో బిడ్డలకు అన్నం కలిపి పెట్టుకోండి. మజ్జిగ మాత్రం ఎవరికీ పోయొద్దు. దూరంగా గుంట తీసి పూడ్చెయ్యండి."

"మజ్జిగ పూడ్చేదా!" ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ళ ఆశ్చర్యంలో తప్పులేదు. ఆ ఊళ్ళలో ఎండన పడి వచ్చిన మనిషికి మజ్జిగ లేదనడమే పాపం, ఇక పారబోయడమంటే ఎంత మాట!

"విషమంతా మజ్జిగతో పోతాదంట, నేతిలో పెద్దగా మిగలదంట. నర్సమ్మను అడిగి తెలుసుకున్నా. అప్పటిదాకా పిల్లోళ్ళకు రాగిజావ కాచండి. గాదెల్లో పోయినేటి రాగులు ఉండాయి కదా. చంటోళ్ళకు నర్సమ్మ దగ్గర పాలపొడి ఉంది, ముందు వాళ్ళను తీసుకొని పోండి."

అందరూ ఒప్పుకునేటట్టే ఉన్నారు. ఒప్పుకోనిది మౌలాలి. ఇంతమందిని పిలుచుకొచ్చింది తను. ఇప్పుడు వట్టి చేతులతో ఇంటికి పోయి ఆ పిల్ల మొహం ఎట్లా చూడాలి? పైగా ఇన్నేళ్ళు పక్కనే ఉన్న శిష్యుడికి కూడా అందరితోపాటు ఇదే షరతా? అతని మొహం ఎర్రబడింది. నలుగురికీ వినపడేలా అన్నాడు.

"తాతా, నీ ఊపిరి మీద నాకు నమ్మకముంది. వీళ్ళకు లేకుంటే వీళ్ళు ఆగనీ. నేను మాత్రం ఇప్పుడే తాపుతా."

తాత కోప్పడలేదు. చెంబు అంచు మీంచి చెయ్యి తీసేశాడు, అంతే.

"నమ్మకం నీదిరా" అన్నాడు. "గొంతు పిల్లది."

మౌలాలి అడుగు ముందుకు పడలేదు. చెంబులో పాలు తొణికి ముంజేతి మీద పడ్డాయి. ఎంత పని చేయబోయాను అనుకున్నాడు. చెంబు నెమ్మదిగా అరుగు మీద పెట్టాడు. ఓబులమ్మ తన చెంబు మీద కొంగు కప్పుకుంది. ఒక్కొక్కరే మూతలు బిగించుకుని, జావలో బెల్లం ఎంత వెయ్యాలో మాట్లాడుకుంటూ గుట్ట దిగారు.

వాకిలి ఖాళీ అయ్యాక మౌలాలి తాత దగ్గరికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. "నిజం చెప్పు తాతా. నువ్వు ఊదితే ఆ విషం పోతాదా?"

"అది దానంతటదే పోతాది. వారం గడిస్తే సగం పోతాదంట. ఇంకో వారం గడిస్తే ఆ మిగిలిన దాంట్లో సగం. ఉరుసునాటికి లెక్కకు రాదంట."

"మరి నువ్వు ఊదిందెందుకు?"

"ఊరికే ఆగమంటే ఎవరైనా ఆగుతారా?" తాత ఓరగా చూశాడు. "నువ్వు ఆగినావా?"

 తాత అతని వీపు మీద ఒకటి చరిచి, "లే, కూర్చుంటే పని కాదు" అంటూ దర్గా పక్కనున్న సావిడి తలుపులు బార్లా తీశాడు. ఉరుసుకొచ్చే జనం పడుకునే సావిడి అది. ఆవులను తోలుకొచ్చి అందులో కట్టమన్నాడు.

"సావిట్లో ఆవులా! పేడ వేస్తాయి తాతా."

"ఊడ్చేది నువ్వే కదా, నాకేం?"

వానకు ముందే కొట్టంలో వేసిన పాత శెనక్కట్టె ఉంది, ఎండిన వేరుశనగ తీగల మేత. బయటి గడ్డి మాన్పించి అదే వేస్తే నాలుగైదు వారాల్లో పాలు మళ్ళీ మంచివవుతాయని నర్సమ్మ చెప్పిందట. అయితే ఆమె వచ్చి చూసి సరేనన్నాకే పిల్లలకు పోయాలి. తొట్టిలో వాన నీళ్ళు పారబోసి, మూత వేసిన బోరు నీళ్ళు నింపారు. ముసలాయన తనే శెనక్కట్టె మోపు భుజానికెత్తుకున్నాడు. వద్దంటే వినడు.

అంతలో ఉసేనమ్మ ఒక చంకలో పిల్లను, ఒక చేతిలో జావగిన్నెను పెట్టుకుని ఆయాసపడుతూ గుట్టెక్కింది. "నీ కూతుర్ని నువ్వే చూసుకో. నా వల్ల కాదు" అని పిల్లను దింపేసింది. మాబున్ని కళ్ళు నేరుగా అరుగు మీది చెంబు మీదికి పోయాయి.

"పాలు!"

"వద్దు తల్లీ."

"తాత ఊదినాడంట కదా! ఊదితే తాగొచ్చని నువ్వే చెప్పినావు కదా!"

మౌలాలి తాత వైపు చూశాడు. తాత ఆవు గంగడోలు నిమురుతున్నాడు, ఇటు తిరగలేదు. ఇది తను చెప్పాల్సిందే.

"నాకు తెలీక చెప్పినా బంగారూ" అన్నాడు పిల్లను ఒళ్ళోకి తీసుకుంటూ. "ఇప్పుడు తాగితే నీ గొంతుకు మంచిది కాదు. నువ్వు ఎంత ఏడ్చినా నేను పొయ్యను."

ఏడ్చింది. అట్లా ఇట్లా ఏడవలేదు, గుట్ట అదిరిపోయేలా ఏడ్చింది. మౌలాలి వదల్లేదు, కసరలేదు. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగాక జావగిన్నె దగ్గరికి లాక్కున్నాడు. బెల్లం వాసన తగిలి పిల్ల ఒక్కసారి ఆగి చూసింది. గిన్నెలో నాలుక ముంచి వెంటనే వెనక్కి లాక్కుంది. "కాలతాంది నాయనా!"

మౌలాలి ఆలోచించలేదు. గిన్నె నోటి దగ్గరికి తెచ్చుకుని, బుగ్గలు పూరించి, ఉఫ్ఫుమని ఊదాడు. ఆవిరి పక్కకు పోయింది. మళ్ళీ ఊదాడు. బుడగలా ఉబ్బుతున్న నాయన బుగ్గలు చూసి మాబున్నికి వెక్కిళ్ళ మధ్యలోనే నవ్వొచ్చింది. ఒక గుక్క తాగింది. మూతి తుడుచుకుని ఇంకో గుక్క తాగింది.

"ఇంకోసారి ఊదు నాయనా."

మౌలాలి కళ్ళు నీళ్ళతో మసకబారాయి. గిన్నె సరిగ్గా కనపడక అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.

శెనక్కట్టె మోపుతో వస్తున్న తాత వాళ్ళ దగ్గర ఆగాడు.

"ఊదురా, ఊదు" అన్నాడు. "ఇది మాత్రం అప్పటికప్పుడే పనిచేస్తాది."