జారే మూడో తీగ

కిరీటికి ఏ గిటారూ నచ్చదు. అదే వాడి జబ్బు.

ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో వదిలేసి వచ్చాడు. చేతిలో పట్టా లేదుగానీ చెవులు మాత్రం పాము చెవులు. పక్క వీధిలో ఎవడో తీగ వెంట్రుకవాసి తక్కువ బిగిస్తే ఇక్కడ వీడికి పళ్ళు జివ్వుమంటాయి. తన స్తోమతకి అందే గిటార్లు ఆరు నెలల్లో ఏడు తెచ్చి చూశాడు. ఏడూ తిరిగిచ్చేశాడు. ఒకదానికి గొంతు లేదన్నాడు, ఇంకోదానికి గొంతు తప్ప ఇంకేం లేదన్నాడు.

ఆఖరికి ఎనిమిదోది తెచ్చాడు. మెడ పక్కన ఒకవైపే కోత ఉండే రకం, సింగిల్ కటవే. చెర్రీ రంగు. గవర్నర్‌పేటలో గిటార్లమ్మే బషీర్ భాయ్ దాన్ని చేతిలో పెడుతూనే చెప్పేశాడు.

"రేపు సాయంత్రం కొట్టు కట్టేలోపు ఏదో ఒకటి తేల్చు బాబూ. నా గిటార్లన్నీ మీ ఇంటికెళ్ళి చుట్టరికం చేసొస్తున్నాయి. ఇదే ఆఖరు."

ఈసారి తిరిగిస్తే పోయేది గిటారొక్కటే కాదు. ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో గుండెకోతని పలికించే బ్లూస్ సంగీతం వాయించే బృందం కిరీటిని రమ్మంది. వాడు గిటారు పట్టిన మూడేళ్ళలో ఒకళ్ళు పిలవడం ఇదే మొదలు. షరతు ఒక్కటే, సొంత గిటారుతో రావాలి. కుదరదంటే ఆ చోటుకి ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడు.

మర్నాడు సాయంత్రం దాన్ని భుజానేసుకుని ఎలీషా మాస్టారింటికి వెళ్ళాడు. మాస్టారు గూడ్సు బండికి గార్డుగా చేసి రిటైరయ్యారు. రైల్వే కాలనీ వెనక రెండు గదుల ఇల్లు. కిరీటితో సహా వచ్చినవాళ్ళకి ఇంట్లో ఉన్న ఓ పాత గిటారు మీద నేర్పుతారు, మాటలు మాత్రం తక్కువ. ఆ లోటు ఆయన భార్య సలోమమ్మ తీరుస్తుంది.

"ఏరా, ఎనిమిదోదానికి కూడా వంక దొరికిందా?" అంది గుమ్మంలోనే.

"వంక కాదండీ, రోగం."

మాస్టారు కుర్చీ చూపించారు. "చెప్పు."

"అన్యాయంగా చెప్పను మాస్టారూ. మెడ చేతికి బాగానే కుదిరింది. తీగల మోత పట్టే పికప్‌లలో వెనకదానికి మంచి కరుకుంది, రాక్‌కి సరిపోద్ది. ముందుది కొంచెం ముద్దగా పలుకుద్ది, వాల్యూమ్ ఒక గీత తగ్గిస్తే తేరుకుంటది. బరువుకి భుజం లాగుద్ది, అదీ ఓర్చుకుంటా."

"మరి రోగం?"

"మూడో తీగ."

మాస్టారి ఆంప్లిఫయర్‌కి తగిలించి, మూడో తీగని వేలితో పైకి నెట్టాడు. స్వరం మూలుగుతూ పైకెక్కింది. వదిలి మళ్ళీ మోగించాడు. రవ్వంత దిగి పలికింది.

"విన్నారా? నెట్టిన ప్రతిసారీ శ్రుతి జారిపోద్ది. తీగ నెట్టకుండా బ్లూస్ ఏంటి మాస్టారూ? మీ గిటారు చూడండి. మూడేళ్ళుగా వింటున్నా, ఒక్కసారంటే ఒక్కసారి జారలేదు."

మాస్టారు లేచి గోడకి తగిలించిన తన గిటారు దించారు. దాన్ని ఆయన తప్ప ఇంకెవరూ ముట్టుకోగా కిరీటి చూడలేదు.

"ఆదివారం దీంతో వెళ్ళు," అన్నారు. "నీదే అనుకో."

కిరీటి ప్యాంటుకి చేతులు తుడుచుకుని అందుకున్నాడు. శ్రుతి చేశాడు. మూడో తీగ నెట్టి వదిలాడు.

జారింది.

మళ్ళీ శ్రుతి చేసి మళ్ళీ నెట్టాడు. చెర్రీ గిటారు రవ్వంత దిగితే, ఇది ఏకంగా కూలబడింది.

"మాస్టారూ, ఇది పాడైంది! ఎవరన్నా కింద పడేశారా?"

"కొన్న రోజునుంచీ అంతే."

"మరి మీరు వాయిస్తే..."

మాస్టారు చెయ్యి చాపి గిటారు తీసుకున్నారు. వాయించడం మొదలుపెట్టారు. కిరీటి అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. చూస్తూ వింటే చెవి మొద్దుబారుద్దని వాడి నమ్మకం. తీగ మూలిగింది, ఏడ్చింది, తేరుకుంది. ఒక్క స్వరం పక్కకి పోలేదు.

"కళ్ళు తెరువు నాయనా, ఒంటిమీద ఒంపుకునేవు," అంటూ సలోమమ్మ టీ గ్లాసు వాడి చేతికి తగిలించింది.

తెరిచాడు.

మాస్టారు తీగ నెట్టారు. వదిలారు. తర్వాతి స్వరం ఎత్తుకోబోయే ముందు ఒక్క క్షణం ఆపారు. ఆ క్షణంలో ఆయన ఎడమ చెయ్యి మెడ చివరిదాకా జారింది. తీగలు ఆనే చిన్న పట్టీ, నట్ దాటాక, తీగ దాన్ని బిగించే కీలోకి వెళ్ళేచోట, చూపుడువేలితో మూడో తీగని మెత్తగా ఒక్కసారి నొక్కింది. జారిన తీగ బిగిసి శ్రుతికొచ్చింది. చెయ్యి తిరిగి తన చోటికి వెళ్ళిపోయింది. మళ్ళీ నెట్టడం. మళ్ళీ ఆపడం. మళ్ళీ ఆ నొక్కు.

కిరీటి టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. మాస్టారి వాయింపులో వాడికి అన్నిటికంటే ఇష్టం ఆ ఆపడమే. గొంతు పూడుకుని మాట ఆగినట్టుండే ఆ ఖాళీని పట్టిపట్టి నేర్చుకున్నాడు. సరిగ్గా అక్కడే తనూ ఆపేవాడు. చెయ్యి ఊరికే పెట్టుకుని.

"బాగు చేయించలేదేం మాస్టారూ?"

"కొత్తలో తీరిక లేదు. తర్వాత అవసరం లేకపోయింది."

"ఈయన దేన్నీ బాగు చేయించడు," అంది సలోమమ్మ. "మా వీధి తలుపు గడియకీ ఇదే కథ."

ఫోన్ మోగింది. బషీర్ భాయ్. "ఏం బాబూ, తెస్తున్నావా? షట్టర్ దించాలి."

కిరీటి ఫోన్ కట్ చేయకుండానే బల్లమీద పెట్టాడు. చెర్రీ గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. మూడో తీగ నెట్టి, వదిలి, ఆపి, నట్ దాటి నొక్కాడు. ఎక్కువ నొక్కాడు. తీగ కీచుమంది. ఈసారి మెత్తగా నొక్కాడు. మోగించాడు. తలొంచుకుని విన్నాడు. జారలేదు.

"హలో... ఉన్నావా?" అంటోంది ఫోను.

"తేవట్లేదు భాయ్," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక మాస్టారి వైపు చూడలేకపోయాడు. "మీరక్కడ ఆపేది తీగ సర్దుకోడానికని తెలీదు. బ్లూస్ అనుకున్నా మాస్టారూ, ఇన్నాళ్ళూ."

మాస్టారు టీ ఊదుకుంటూ అడిగారు.

"కాదా?"