ఏనుగు గుడ్డు సిద్ధాంతం

ఎటు చూసినా నున్నటి బండరాళ్లే కనిపించే ఒకానొక రాజ్యంలో ప్రచండసేనుడనే మహారాజు ఉండేవాడు. ఆయన మీసాలకు నూనె రాయడానికే ఇద్దరు నౌకర్లట. కుడి మీసానికొకడు, ఎడమ మీసానికొకడు. వాళ్లిద్దరికీ అస్సలు పడేది కాదట. దాంతో ఒక మీసం పైకీ ఒకటి కిందికీ ఉండేది. సరే, ఆ గొడవ మనకెందుకు?

ఒకసారి పొరుగురాజ్యపు రాయబారి భోజనాల దగ్గర, "మహారాజా, తమ ఆస్థానంలో అందరికన్నా గొప్ప పండితుడెవరు?" అని మాటవరసకు అడిగాడు. అప్పుడు రాజు నోట్లో బూరె ఉంది. బూరె మింగాక కూడా జవాబు దొరకలేదు. పంక్తిలో ఉన్న పండితులందరూ ఒక్కసారిగా గొంతు సవరించుకున్నారు. రాజుకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే కొలత మొదలైంది. ఎవరు రాసిన తాటాకులు ఎక్కువ తూగితే వారే గొప్ప అన్నాడు రాజు. పండితులు ఒక్కో ఆకు మీద ఒక్కో అక్షరం రాయడం మొదలుపెట్టారు. చూస్తూ ఉండగానే ఇంటి కప్పులకు తాటాకు కరువైంది. జనం గోల పెట్టారు.

అప్పుడు రాజు ఇంకా తెలివైన కొలత కనిపెట్టాడు. ఒక పండితుడి పేరును ఆస్థాన గ్రంథాల్లో ఎన్నిసార్లు తలిస్తే అతని ఒంటికి అన్ని గజ్జెలు కట్టాలి. ఎక్కువ గజ్జెలున్నవాడు విజయదశమినాడు రాజు పక్కన కూర్చుంటాడు. అతని సిద్ధాంతాన్ని కోటగుమ్మం మీద చెక్కిస్తారు. ఒక్క గజ్జె కూడా లేనివాడు ఆస్థానం ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాలి.

ఇక చూడాలి ఆ సందడి!

"బావగారూ, నా వ్యాకరణంలో మిమ్మల్ని నాలుగుచోట్ల తలిచాను. మీ జ్యోతిషంలో నా సంగతేమిటి?"

"శనిగ్రహం దగ్గర తలుస్తాను, ఉండండి!"

"శని దగ్గరెందుకండీ, గురుడి దగ్గర ఖాళీ లేదూ?"

మార్తాండశర్మ అనే ఘనుడైతే తన పెద్ద గ్రంథాన్ని అధ్యాయానికొకటిగా కోసి, ఒక్కో ముక్కలో మిగతా ముక్కలన్నిటినీ తన పేరుతో సహా తలిచాడు. ఆయన చెప్పులు వేసుకోవడానికి వంగితే చాలు, భజన మొదలైందనుకుని జనం పోగయ్యేవారు.

గజ్జె లేనివాడు ఒక్కడే మిగిలాడు. వల్లభభట్టు. ఆయన జన్మకంతా ఒకే పుస్తకం రాశాడు, ఏ నేలలో ఎక్కడ తవ్వితే నీళ్లు పడతాయన్నది. ఊరూరా ఆ పుస్తకం చదివించుకుని, దాని ప్రకారమే బావులు తవ్వేవారు. అయితే బావులు తవ్వేవాళ్లు గ్రంథాలు రాయరు కదా! నీళ్లు పడగానే పలుగు కడుక్కుని ఇంటికి పోతారు. పైగా భట్టుగారికి ఎదుటివాడి మాటలో తప్పు పట్టందే అన్నం సహించదు. అందుకని స్నేహానికైనా ఆయన పేరు తలిచినవాడు లేడు.

ఆయన మేనల్లుడూ అల్లుడూ అయిన చెన్నన అదే ఆస్థానంలో విదూషకుడు. ఒకనాడు చెన్నన అన్నం తింటూంటే భార్య కామాంబ మెల్లగా అంది:

"నాన్న మన నడవలో మంచం వెయ్యమన్నాడు."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ఎన్నాళ్లకి?"

"ఎన్నాళ్లేమిటి, ఆ ఇల్లు పోతే ఇంకెక్కడికి పోతాడు? మా అమ్మ చేతుల మీదుగా పెరిగిన పెరడండీ అది. రోజూ తెల్లారి ఆ బావి దగ్గర కూర్చోకపోతే ఆయన బతకడు." కామాంబ చెంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత మామూలు గొంతుతో, "వస్తే మీరూ బతకరనుకోండి. నిన్న మీరు తుమ్మిన పద్ధతి సరిగా లేదన్నాడు" అంది.

చెన్నన చెయ్యి కడుక్కుని తిన్నగా కొలువుకు పోయాడు.

"ప్రభూ, తమ కొలత బాగాలేదు."

రాజు మీసం పైకున్నది ఇంకా పైకి లేచింది. "నా కొలతకే వంక పెడతావట్రా? గొప్పవాడు కాకపోతే వాడి పేరు ఇంతమంది ఎందుకు తలుస్తారు? దశమినాటికి నా కొలత తప్పని చూపించు. చూపలేకపోతే మీ మామతోపాటు నువ్వూ మూట కట్టుకో."

"చూపిస్తే?"

"అడిగింది ఇస్తా."

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ కాలపు పండితులు ఎవరినైనా ఖండించాలంటే, ముందు అతని పేరు చెప్పాలి. తర్వాత అతని వాదాన్ని అతనికన్నా అందంగా చెప్పాలి. ఆపైనే కొట్టాలి. దాన్ని పూర్వపక్షం అంటారు. ఎంతో మర్యాదైన పద్ధతి, తన్నులు తినబోయేవాడికి ముందు పీట వేసి కూర్చోబెట్టినట్టు.

చెన్నన ఆ వారంలోనే ఒక చిన్న గ్రంథం రాసి పండితులందరికీ పంచాడు. అందులో ఉన్నది ఒకటే మాట: ఏనుగులు గుడ్లు పెడతాయి. మన కోట చుట్టూ పడున్న నున్నటి బండలన్నీ అవే. మీద కూర్చుంటే పగులుతాయేమోనన్న భయంతో తల్లులు పొదక్కుండా పోయాయి.

పండితవాడ భగ్గుమంది.

"గుడ్డా? ఏనుగా? వీడి మొహం!" అంటూ మార్తాండశర్మ ఆ పూటే ఖండన మొదలుపెట్టాడు. 'చెన్నన ఇట్లనెను' అని ప్రతి వాక్యం ముందూ రాసి, వరసగా కొట్టుకుంటూ పోయాడు. ఖండన రాస్తే కొత్త గ్రంథం రాసినట్టే కనుక మిగతావాళ్లూ ఊరుకోలేదు. గుడ్డులో తొండం ఎలా పడుతుందని ఒకాయన అడిగాడు. ఇంకొకాయన, తొండం చుట్టుకుని పడుతుంది కాని గుడ్డు మాత్రం అబద్ధమన్నాడు. ఇద్దరూ కొట్టుకున్నారు. వాళ్లను విడదీస్తూ మూడో ఆయన రెండు సంపుటాలు రాశాడు. ఎవరు ఎవరిని తిట్టినా మొదట తలవాల్సింది చెన్నననే!

గజ్జెలు కట్టే నౌకర్లు చెన్నన ఇంటికి బుట్టల్లో మోసుకొచ్చారు. చేతులు నిండాయి, కాళ్లు నిండాయి, తలపాగా నిండింది. "పక్కకు తిరిగి పడుకోకండి, వీధంతా లేస్తోంది" అని కామాంబ మొత్తుకుంది.

విజయదశమి వచ్చింది. సభ కిక్కిరిసింది. పొరుగు రాయబారి ముందువరసలో కూర్చున్నాడు. చెన్నన నడవలేక ఎడ్లబండి మీద దిగాడు. ఆ చప్పుడుకు ఎడ్లు బెదిరి సభలోకే వచ్చేశాయి.

"మహారాజుకు జయం! తమ కొలత ప్రకారం ఈ రాజ్యంలో నన్ను మించిన పండితుడు లేడు. కొంచెం జరగండి" అంటూ చెన్నన రాజు పక్కన ఘల్లుమని కూర్చున్నాడు.

ఉలితో నిలబడ్డ శిల్పి వినయంగా, "దొరా, 'ఏనుగు గుడ్డు పెట్టును' అని చెక్కమంటారా? పక్కన గుడ్డు బొమ్మ కూడా వెయ్యాలా?" అని అడిగాడు.

అంతలో రాయబారి లేచి చేతులు జోడించాడు. "మహారాజా, మా ప్రభువులకు కానుకగా ఒక్క గుడ్డు ఇప్పించండి. మెత్తటి దారి చూసి తీసుకుపోతాం."

రాజు మీసాలు వణికాయి. కోపమనుకున్నారు అందరూ. కాదు, నవ్వు! పొట్ట పట్టుకుని, సింహాసనం చేతిని కొడుతూ నవ్వాడు. "పేరు తలిస్తే చాలన్నాను కానీ ఎందుకు తలిచారో చూడమనలేదు కదరా! సరే, మరెలా కొలవాలి?"

"పొద్దున్న తమరు తాగిన నీళ్లు ఎవరి పుస్తకం చూసి తవ్విన బావిలోవి ప్రభూ? దాహం వేసినవాడు పుస్తకం పేరు చెప్పి తాగడు, తాగి ఊరుకుంటాడు. మా మామ ఇల్లు మా మామకు ఉంచండి. నేనడిగేది అదే."

"ఇల్లే కాదు, ఇంటి వెనక తోటా ఆయనదే! నీకు నూరు వరహాలు!" అన్నాడు రాజు. ఆ వెంటనే, "అవునూ భట్టుగారూ, ఇంతమంది ఖండనలు రాశారే, తప్పుపట్టడంలో తమంతటివారు ఊరుకున్నారేం?" అని అడిగాడు.

వల్లభభట్టు చిరాగ్గా లేచాడు. "చూడకుండా ఎలా రాయను మహారాజా? ఆ బండల దగ్గరికి పోయి మూడు పూటలు వెతికాను. గుడ్డు లేదు. పెద్దబండకు తూర్పున నీళ్లున్నాయి. ఊరికే నవ్వుతూ కూర్చోక తవ్వించండి."

రాజు అప్పటికప్పుడే బయల్దేరాడు. ముందు భట్టుగారు, "అక్కడ కాదు, ఇక్కడ. కాలు అలా పెట్టకూడదు మహారాజా" అని తప్పు పట్టుకుంటూ. వెనక మహారాజు, పైకున్న మీసమూ కిందికున్న మీసమూ రెండూ ఊగేటట్టు నవ్వుకుంటూ.