జెడ్డున్న మాట

ఒక సంస్థానంలో ఇంగ్లీషు వచ్చినవాడు దివాను జోగారావు పంతులు ఒక్కడే. ఆ భాషలో తనకు తెలియని మాటే లేదని జమీందారు దగ్గర తెగ గొప్పలు పోయేవాడు.

ఒకనాడు ఊళ్లో పాలమ్ముకునే సన్యాసమ్మ గేదె తాడు తెంపుకుని కోట తోటలో పడితే, దివాను దాన్ని పట్టించి బందెలదొడ్డిలో పెట్టించాడు. ఇంటి దగ్గర దూడ పాలకోసం అరుస్తోంది, విడిపించండి బాబూ అని సన్యాసమ్మ జమీందారుకు మొరపెట్టుకుంది.

దివాను అడ్డం వచ్చి, "అయిదక్షరాల ఇంగ్లీషు మాట చెప్పు. అందులో జెడ్ ఉండాలి. చెప్పావంటే తోలుకుపో," అన్నాడు నవ్వుతూ.

సన్యాసమ్మ కాసేపు తల గోక్కుంది. "జిల్టు, బాబూ."

"అలాంటి మాటే లేదు పో."

"కలెక్టరు దొర వంటవాడు అంటుంటే విన్నాను బాబూ. మీకు తెలీదంటే పోనీ, రేపు దొరగారు కోటకే వస్తున్నారు గదా, ఆయన్నే అడగండి."

దొరతో ఇంగ్లీషులో మాట్లాడాలనేసరికి దివానుకు చెమటలు పట్టాయి. "ఓ, జిల్టూనా? సరిగ్గా పలికి చావవేమే," అంటూ వేళ్లు మడిచి అక్షరాలు లెక్కపెట్టి ఎలాగో అయిదనిపించాడు. "అది దొరలు పెట్టుకునే ఒకరకం టోపీ ప్రభూ."

సన్యాసమ్మ గేదెను తోలుకుని వెళ్లిపోయింది.

జమీందారు మీసం దువ్వుకుంటూ, "పంతులూ, రేపు దొర వచ్చేసరికి నా నెత్తిన కూడా ఒక జిల్టు ఉండాలి," అన్నాడు.