నడుముకు కట్టిన తాడు

గిడ్డయ్య చెప్పిన అబద్ధం పెద్దదేమీ కాదు. "తాడు తెగింది" అన్నాడు, అంతే. ఆ మాట అని పదిహేను రోజులైంది.  అప్పటినుంచి పడుకుంటే చెవుల్లో గోడలు పగలగొట్టే బ్రేకర్ మిషన్ మోగుతోంది. లేచి కూర్చుంటే ఇంకా గట్టిగా మోగుతోంది.

పదిహేనో రోజు పొద్దున ఆ తాడు చుట్టను చంకలో పెట్టుకుని ఖాసింపీరా ఇంటికి బయలుదేరాడు.

ఆదోనిలో పాత మిద్దెలు, మూతపడ్డ పత్తిమిల్లులు కూలగొట్టేవాళ్లందరికీ ఖాసింపీరా ఉస్తాదు. నలభై ఏళ్లు గోడలు కూలగొట్టాడు, ఒక్క మనిషినీ పోగొట్టుకోలేదు. తన చెవులు మాత్రం పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఆయనతో మాట్లాడాలంటే వీధంతా వినేటట్టు అరవాలి. గుట్టు చెప్పుకోవడానికి ఇంతకంటే పనికిరాని మనిషి ఊళ్లో దొరకడు. కానీ గిడ్డయ్యకు వేరే దిక్కు లేదు.

ఆయన దగ్గర పని నేర్చుకోవడమంటే మొదట్లో వట్టి విసుగు. బ్రేకర్ బాడుగకు తెచ్చుకోవడానికి షాపుకు పోతే ఎవరైనా అది ఎంత గట్టిగా కొడుతుందో చూస్తారు. ఈయన ఎట్లా ఆగుతుందో చూసేవాడు. స్విచ్ నొక్కేవాడు, వదిలేవాడు. మళ్లీ నొక్కేవాడు, వదిలేవాడు. అట్లా పదిసార్లు. వదిలిన వెంటనే ఆగని మిషన్ని ఊరికే ఇచ్చినా తీసుకునేవాడు కాదు. ఆ తర్వాత వైరు పొడుగునా వేళ్లతో తడుముకుంటూ పోయేవాడు, ఎక్కడైనా చిట్లిందేమోనని. ఉలి బిగువు చూసేవాడు.

"మిషన్ తీస్కపోను వచ్చినావా ఉస్తాదూ, పెండ్లి సంబంధం చూడను వచ్చినావా?" అని షాపాయన ఎగతాళి చేసేవాడు. అప్పటికే చెవుడు కాబట్టి ఆయనకు కోపం కూడా వచ్చేది కాదు.

ఇంకొకటి, తాడు. మిషన్ పట్టుకున్నవాడి చెవులు మూసి ఉంటాయి. కళ్లు ఉలి మొన మీద ఉంటాయి. పక్కన గోడ బీటలిచ్చినా వాడికి తెలీదు. అందుకని వాడి నడుముకు ఒక తాడు కట్టాలి. రెండో కొన దూరంగా నిలబడ్డ జతగాడి చేతిలో ఉండాలి. ఒకసారి లాగితే ఇటు చూడమని. రెండుసార్లు లాగితే ఆపమని. రెండుసార్లు లాగినప్పుడు ఎందుకని అడగకూడదు, ముందు స్విచ్ వదలాలి. జతగాడు ఇంకో పని ముట్టుకోకూడదు, బీడీ కూడా తాగకూడదు.

గిడ్డయ్య జతగాడు ఈరన్న. ఇద్దరూ ఏడేళ్లు ఒకరి తాడు ఒకరు పట్టుకున్నారు. ఈరన్న సరదా మనిషి. ఇంట్లో పెళ్లాం సుంకమ్మ తిట్లు మొదలుపెడితే ఆమె కొంగు పట్టుకుని రెండుసార్లు లాగేవాడట. ఆమెకు నవ్వొచ్చి తిట్టడం ఆగిపోయేదట. ఆ ఈరన్న మీదే మిల్లు గోడ పడింది.

గిడ్డయ్య పోయేసరికి ఉస్తాదు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మిషన్ ఆయన చేతుల్ని కూడా వదల్లేదు. గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా వణుకుతూనే ఉంది.

"ఏం గిడ్డా, అన్నం తింటాండావా?"

గిడ్డయ్య పక్కన కూర్చుని ఆయన చెవి దగ్గరికి వంగి మెల్లగా ఏదో అన్నాడు.

"ఏమీ?"

మళ్లీ అన్నాడు.

"వినపడల్యా. గట్టిగా చెప్పు."

గిడ్డయ్య అటూ ఇటూ చూశాడు. ఎదురింటామె వాకిలి ఊడుస్తోంది. "తాడు తెగింది ఉస్తాదూ!" అని అరిచాడు. ఆ మాట మాత్రం సులువుగానే వచ్చింది. పోలీసులకు చెప్పి, కంట్రాక్టరుకు చెప్పి, సుంకమ్మకు చెప్పి బాగా అలవాటైపోయింది.

ఉస్తాదు గ్లాసు కింద పెట్టి చెయ్యి చాచాడు. తాడు అందుకుని, వైరు తడిమినట్టే, ఒక కొస నుంచి మూరమూరా తడుముకుంటూ పోయాడు. పీచు లేవకుండా రెండు కొసలకూ ఆయనే ఎప్పుడో సన్న తీగె చుట్టి పెట్టాడు. మొదటి కొసన తీగె ఉంది. చివరికి పోతే అక్కడా ఉంది.

"ఏడ తెగింది?"

గిడ్డయ్య ఏడ్చాడు. ఏడుస్తూనే జరిగింది చెప్పాడు. అందులో ఉస్తాదుకు ఎంత వినపడిందో తెలీదు. ఆయన గిడ్డయ్య పెదాల నుంచి చూపు తిప్పలేదు.

ఆ రోజు మిల్లు ముందుగది సజ్జ కొడుతున్నారు. గిడ్డయ్య పరంజా మీద ఉన్నాడు. ఆరింటికల్లా మిషన్ షాపులో అప్పజెప్పాలి. నాలుగున్నర దాటింది. పగిలిన కాంక్రీటులోంచి బయటపడ్డ ఇనుప చువ్వలకు తాడు మాటిమాటికీ చిక్కుకుంటోంది. రెండుసార్లు విడిపించుకున్నాడు. మూడోసారి ఒళ్లు మండి, నడుము నుంచి విప్పి ఒక చువ్వకు తగిలించాడు. కింద ఉన్న ఈరన్నకు చెప్పలేదు. చెబితే ఈరన్న పని ఆపించేవాడు. ఆ దుమ్ములో ఈరన్నకూ కనపడలేదు.

సజ్జ పైన గోడ చీలడం కిందినుంచి ఈరన్న చూశాడు. తాడు రెండుసార్లు లాగాడు. మిషన్ ఆగలేదు. మళ్లీ లాగితే తాడు చువ్వ నుంచి ఊడి చేతికొచ్చింది. అప్పుడిక అరుస్తూ, చేతులూపుతూ, గిడ్డయ్యకు కనపడాలని సజ్జ కిందికే పరుగెత్తాడు. సజ్జా గోడా కలిసి ఆయన మీద పడ్డాయి. పరంజా ఓ వారకు ఉండటంతో గిడ్డయ్యకు గీత కూడా పడలేదు.

అవతల తట్టలు మోసే ఆడవాళ్లు చూశారు. తాడు చేతికి రావడం చూసి తెగిందనుకున్నారు. అడిగితే గిడ్డయ్య అవునన్నాడు. రాళ్లు తీసినప్పుడు ఈరన్న పిడికిట్లో తాడు ఉంది. ఆ వేళ్లు విప్పింది గిడ్డయ్యే.

చెప్పడం అయిపోయింది. గిడ్డయ్య ముక్కు తుడుచుకుని ఒక్క మాట మాత్రం గట్టిగా అడిగాడు. ఎదురింటామె చీపురు ఆగింది.

"నేను తాడు కట్టుకొనుంటే అన్న బతికేటోడా ఉస్తాదూ?"

"బతికేటోడు," అన్నాడు ఉస్తాదు.

గిడ్డయ్య ఆ మాట కోసం రాలేదు. తలరాత అనో, గోడ పాతది అనో అంటాడని వచ్చాడు. ఊరంతా అదే అంటోంది. ఈయన కూడా అంటే నమ్ముదామనుకున్నాడు.

"ఇంగ నాకేం దోవ ఉస్తాదూ? నేనూ ఆ గోడ కిందనే పోయుంటే బాగుండు."

ఉస్తాదు లేచాడు. తాడు కొస గిడ్డయ్య నడుము చుట్టూ తిప్పి ముడి వెయ్యడం మొదలుపెట్టాడు. వణికే చేతులకు ముడి పడలేదు. జారిపోయింది. మళ్లీ వేశాడు. గిడ్డయ్య సాయం చెయ్యబోతే చెయ్యి తోసేశాడు. బిగిసిందో లేదో గుంజి చూసి, రెండో కొస తాను పట్టుకుని, "పా," అన్నాడు.

వీధి వెంబడి ఉస్తాదు ముందు, తాడు కట్టిన గిడ్డయ్య వెనక. టీ బంకు దగ్గర ఒకడు నవ్వాడు. "యాడికి ఉస్తాదూ, సంతకా?" అన్నాడు. ఉస్తాదుకు వినపడలేదు, గిడ్డయ్యకు వినపడింది. రెండో మలుపు తిరిగేసరికి ఎక్కడికో అతనికి అర్థమైంది. కాళ్లు ఆగిపోయాయి. తాడు బిగిసింది. ఉస్తాదు వెనక్కి తిరిగి చూడలేదు, లాగనూ లేదు. అట్లాగే నిలబడ్డాడు. కాసేపటికి గిడ్డయ్యే నడిచాడు.

సుంకమ్మ గడప దగ్గర కూర్చుని జొన్నలు చెరుగుతోంది. ఉస్తాదును చూసి చేట పక్కన పెట్టి లేచింది. ఆయన తాడు కొస ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది ఈరన్న పట్టుకునే కొస," అన్నాడు. చెప్పి పక్కకు జరిగాడు.

ఆమె తాడును చూసింది. చూపు తాడు వెంబడే పోయి గిడ్డయ్య నడుము దగ్గర ఆగింది.

"ఇది తెగిందన్నావే," అంది.

"తెగల్యా వదినా. నేనే విప్పినా."

ఆమె ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. తిట్టినా, మన్ను తీసి మొహాన కొట్టినా నిలబడేవాడు. ఆ ఊరుకోవడం మాత్రం గిడ్డయ్య భరించలేకపోయాడు.

"చువ్వలకు తగులుకుంటాండె వదినా. ఆరింటికి మిషన్ ఇచ్చేయల్ల. గంట పనే ఉండె, గంటకేమైతాదిలే అనుకుంటి. కంట్రాక్టరు పొద్దున్నుంచి ఒకటే పోరు. ఆ గోడ కూడా ఎప్పటిదో సున్నం గోడ, అది ఎట్లైనా పడేదే. అన్న కిందికి ఉరికొస్తాడని నాకేం తెలుసు వదినా? ఎవురైనా అట్ల కిందికి వస్తారా? నేనైతే..."

నడుము దగ్గర తాడు బిగిసింది. ఒకసారి. వెంటనే ఇంకోసారి.

గిడ్డయ్య ఆగిపోయాడు.

చెవుల్లో మోత కూడా ఆగింది. పదిహేను రోజుల్లో మొదటిసారి ఆ వీధి చప్పుడు అతనికి వినిపించింది. ఎవరో బోరింగు కొడుతున్నారు. సుంకమ్మ ఊపిరి వినిపించింది. ఆమె కళ్లల్లో నీళ్లు లేవు. తాడును ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్లు తెల్లబడ్డాయి. ఈరన్న వేళ్లు కూడా అట్లాగే ఉండినాయి.

కాసేపటికి ఆమె పిడికిలి విప్పింది. తాడు కొసను గడప మీద పెట్టింది. చేట తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. గడియ పడింది.

ఎండ ఎక్కుతోంది. గిడ్డయ్య కదల్లేదు. ఉస్తాదు దగ్గరికొచ్చి ముడి మీద చెయ్యి వేశాడు.

"విప్పుదునా గిడ్డా?"

గిడ్డయ్య వద్దన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. ఉస్తాదు గట్టిగా చెప్పమనలేదు.