కరెంటు తాగని మోటారు

మేడిశెట్టి అన్నదమ్ములు ముగ్గురికీ తమ తెలివంటే మహా గర్వం. ఊళ్ళో ఎవరూ తమని సలహా అడగరంటే, అడిగితే ఆ తెలివి అరిగిపోతుందేమోనన్న మొహమాటమేనని పెద్దవాడు పోతురాజు నమ్మకం. తమ్ముళ్ళు గంగులు, బుల్లెబ్బాయి కూడా అదే నమ్మేవారు, పోతురాజు చెప్పాడు కాబట్టి. తల్లి అచ్చియ్యమ్మ మాత్రం దిష్టి తగులుతుందని పిల్లల తెలివి ఊసే ఎత్తేది కాదు.

ఏటిగట్టు కింద వాళ్ళకో గులాబీ నర్సరీ ఉంది. ఈ శుక్రవారం బేరగాడి లారీ వస్తుంది. మొక్కలు ఎక్కిస్తే ఏడాదంతా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఎండిపోయాయా, ఆ బేరగాడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కడు. చూస్తే మండువేసవి. మొక్కల ప్రాణమంతా బావి దగ్గర మోటారులో ఉంది.

సోమవారం మొక్కలు కొనడానికి హైమావతి అనే ఆవిడ వచ్చింది. మోటార్ల కంపెనీలో ఇంజనీరు. మోటారు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది.

"సగం కరెంటు వేడి కిందే పోతోందండీ. మంచి మోటారు చల్లగా ఉండాలి. లోపల తిరిగే ముక్కకీ దాని గూడుకీ మధ్య ఖాళీ ఎంత తగ్గితే అంత మంచిది. ఇంత మోత కూడా ఉండకూడదు. తక్కువ కరెంటు తాగే మోటారు తయారు చెయ్యడానికి మాకు ఏళ్ళు పడుతుంది," అని చెప్పి వెళ్ళిపోయింది.

పోతురాజు జాలిపడ్డాడు. "పాపం, ఏళ్ళటరా. మనం రేపటికి చేసేద్దాం."

"ముందు వేడి తగ్గించాలి. ఎలాగన్నయ్యా?" అన్నాడు గంగులు.

"మనకి వేడి చేస్తే ఏం చేస్తాంరా?" అంది అచ్చియ్యమ్మ. "నడినెత్తిన ఆముదం పెట్టి, సబ్జా గింజలేసిన మజ్జిగ తాగిస్తాం."

అంతే. మోటారుకి ఆముదం పెట్టారు, చెంబుడు మజ్జిగ పోశారు. అది ఖళ్ళుఖళ్ళుమంది.

"పొలమారింది, వీపు తట్టరా," అన్నాడు పోతురాజు.

బుల్లెబ్బాయి తట్టాడు. తట్టినవాడు వెళ్ళి అరటిచెట్ల మధ్య పడ్డాడు. లేచి దులుపుకుంటూ, "బలం పట్టిందన్నయ్యా, తన్నింది," అన్నాడు సంతోషంగా.

ఇక ఖాళీ సంగతి. మోటారు విప్పారు. లోపల ఖాళీ వెంట్రుక పట్టేంత ఉంది.

"తగ్గితేనే మంచిదంటే, అసలు లేకపోతే ఇంకెంత మంచిది," అన్నాడు పోతురాజు.

ఇంకేముంది, ఇడ్లీపిండి తెచ్చి కూరి బిగించారు. తెల్లారేసరికి పిండి పులిసి, పొంగి, సందు కనపడకుండా నిండింది. స్విచ్చి వేస్తే మోటారు తిరగలేదు, "ఊఁ" అని ఊరుకుంది.

"ఏంటన్నయ్యా, ఊఁ కొడుతోంది?"

"ఆలోచిస్తోందిరా. తెలివొచ్చాక ఎవరైనా ముందు ఆలోచిస్తారు."

ఆ ఊఁ కూడా మోతే కదా అని బొంత కప్పారు. బొంతలోంచి పొగ వచ్చింది. "ఆవిరి పడుతోంది, మంచిదే," అంది అచ్చియ్యమ్మ. టప్పుమని ఫ్యూజు పోయింది. అంతా నిశ్శబ్దం. మోత లేదు. కాసేపటికి వేడీ లేదు. పోతురాజు మీటరు చూశాడు. అంకె కదలడం లేదు.

"చుక్క కరెంటు తాగడం లేదురా," అన్నాడు. ఆ పూట పాయసం వండుకున్నారు.

"నీళ్ళు కూడా రావట్లేదన్నయ్యా," అన్నాడు గంగులు పాయసం నాకుతూ.

"నీళ్ళు తేవడం పంపు పని. మోటారుని అనకు."

బుధవారమంతా పంపుని తిట్టారు. గురువారానికి గులాబీలు తలలు వాల్చేశాయి. "మోటారుకి దండం పెడుతున్నాయి," అన్నాడు బుల్లెబ్బాయి. పోతురాజుకి మాత్రం ముద్ద దిగలేదు. రేపు లారీవాడికి ఏం చూపించాలి? మొక్కల మధ్య తిరిగి, తిరిగి, చివరికి మోటారు దగ్గర కూలబడి, "ఆలోచించింది చాలమ్మా, ఇక కానియ్యి," అని బతిమాలాడు.

శుక్రవారం పొద్దున్నే కుంభవృష్టి. మొక్కలు తలలెత్తాయి.

"చూశారట్రా," అన్నాడు పోతురాజు. "కరెంటు లేదు, పంపు లేదు, గొట్టం లేదు. పైనుంచే పోస్తోంది."

మధ్యాహ్నానికి మడుల్లో మోకాలెత్తు నీళ్ళు. లారీ వచ్చి నిలబడింది. వాన తగ్గందే మొక్కలు ఎక్కించడం కుదరదన్నాడు డ్రైవరు.

"మోటారు ఆపండ్రా, వేళ్ళు కుళ్ళిపోతాయి," అని పోతురాజు పరిగెత్తాడు. చూస్తే మోటారు ఆగే ఉంది. ఆగి ఉన్నదాన్ని ఎలా ఆపుతారు? స్విచ్చి పైకీ కిందికీ కొట్టారు, బొంత లాగారు, కాళ్ళు పట్టుకున్నారు. వాన ఆగలేదు. మొక్కలు మునిగిపోతున్నాయి.

పోతురాజుకి తట్టింది. "మోటారు ఎక్కడుంటే వాన అక్కడ. దీన్ని ఊరు దాటించాలి."

అంతే. ముగ్గురూ మోటారుని ఊడబీకి, లారీలోకెక్కించి తాళ్ళు కట్టారు. సరుకు ఎక్కిందనుకుని డ్రైవరు వెళ్ళిపోయాడు. లారీ గట్టు మలుపు తిరిగిందో లేదో, వాన వెలిసింది.

"చెప్పానా," అన్నాడు పోతురాజు, చేతులు దులుపుకుంటూ.

అచ్చియ్యమ్మ మడులకేసి చూసింది. "మరి మొక్కలురా?"

"తెరిపిచ్చింది కదా, ఇప్పుడు ఎక్కిద్దాం. లారీని వెనక్కి పిలవరా," అన్నాడు గంగులు.

పోతురాజు తమ్ముడి నోరు నొక్కేశాడు. "ఊరుకోరా. అది వస్తే వాన రాదూ?"

అని పరిగెత్తుకెళ్ళి, లారీ మళ్ళీ లోపలికి రాకుండా నర్సరీ గేటుకి తాళం వేసొచ్చాడు.