ప్లగ్గుకి బొట్టు పెట్టిన రాజు

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజుగారు, ఆ రాజుగారికి ఒక కోడలు, ఆ కోడలి గ్రైండరు మీద రాజుగారికి గంపెడు అనుమానం. రాజు పేరు ప్రచండవర్మ, కోడలి పేరు నాంచారి. కోటంతటికీ ఇడ్లీలకి, గారెలకి పిండి రుబ్బేది ఆ పిల్లే. వంటింట్లోంచి గరగర వినపడినప్పుడల్లా, కోటలో కరెంటంతా ఆ గ్రైండరే తాగేస్తోందని రాజుకి కడుపుమంట. దాన్ని అటకెక్కిస్తానన్నాడు. అటకెక్కితే ఇంకేముంది, కోటెడు జనానికి నాంచారి రోట్లో రుబ్బుకు చావాలి. తినే నోటికి రుబ్బే చెయ్యి కనపడుతుందా?

ఊ కొడుతున్నారా? ఆఁ, కొట్టండి.

రుజువు లేందే రాణిగారు ఒప్పుకోదు. అందుకని రాజు పట్నం నుంచి స్మార్టు ప్లగ్గులు తెప్పించాడు. గోడకి ప్లగ్గు, ప్లగ్గుకి గ్రైండరు తగిలిస్తే, అది ఎంత కరెంటు తాగిందో ఫోనులో చెప్పేస్తుందట. ప్లగ్గుకి తెలివి ఎక్కువట. కొన్నవాడి తెలివి మాటేమిటని ఎవరూ అడగలేదు.

కొత్త వస్తువు ఇంటికొస్తే ఏం చేస్తామర్రా? పూజ చేస్తాం కదా. రాజు పురోహితుణ్ణి పిలిపించి, ముహూర్తం పెట్టించి, ఒక్కో ప్లగ్గుకీ మొహం నిండా చిక్కగా పసుపు రాసి, నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టి, హారతిచ్చి మరీ గోడకి గుచ్చాడు.

ప్లగ్గు మిణుకుమిణుకుమంది. ప్లగ్గు మీదుండే నల్లగళ్ళ బొమ్మ, అదే క్యూఆర్ కోడంటారే, అది చూపించమని ఫోను అడిగింది. రాజు ఫోను దగ్గరగా పెట్టాడు, కనపడలేదంది. దూరంగా పెట్టాడు, కనపడలేదంది. స్టూలెక్కాడు, కనపడలేదంది. ఈశాన్యానికి తిరిగాడు, అయినా కనపడలేదంది. మంత్రిని పిలిస్తే మంత్రి నెపం వైఫై మీద పెట్టాడు, వైఫై వాణ్ణి పిలిస్తే వాడు ఫోను మీద పెట్టాడు, ఫోను వాణ్ణి పిలిస్తే వాడు ప్లగ్గు మీద పెట్టాడు. ప్లగ్గేమో మిణుకుమిణుకుమంది. ఇంతమంది మగమహారాజుల్లో ఒక్కడైనా దాని మొహం వంక చూశాడా? అబ్బే.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా గ్రైండరుదే అన్నాడు రాజు. అది దొంగ గ్రైండరు కాబట్టే ప్లగ్గు నోరు విప్పడానికి భయపడుతోందట. అటకెక్కించమని భటులకి చెప్పేశాడు.

మినప్పప్పు అప్పటికే నానుతోంది, రెక్కలు విరిగేది నాంచారికే. అటకెక్కించే ముందు తుడుద్దామని, స్విచ్చి కట్టేసి గుడ్డ తీసుకుంది. గ్రైండరు తుడిచింది, తీగ తుడిచింది, తీగ వెంట పోయి ప్లగ్గూ తుడిచింది. బొట్టు పోయింది, పసుపు పోయింది, కిందనుంచి నల్లగళ్ళ బొమ్మ తేలింది.

"మావయ్యగారూ, ఒకసారి ఆ ఫోను ఇలా తెండి" అంది. చూపించగానే ఫోను టింగుమంది.

"నా గ్రైండరొక్కదానికే ఎందుకండీ, ఇంట్లో అన్నిటికీ తగిలిద్దాం" అంది మళ్ళీ. రాణిగారు సరేనంది, మిగతా ప్లగ్గుల మొహాలూ తుడిచి తగిలించారు. రాజు మొహం అప్పుడే కాస్త మాడింది, ఎందుకో చెబుతా ఉండండి.

మర్నాడు అందరూ ఫోను చుట్టూ మూగారు. ముందురోజు పిండంతా రుబ్బినా గ్రైండరు తాగింది పిట్ట తాగినంత. చెరువు తాగినట్టు తాగిందేమో రాజుగారి పడగ్గదిలో ఫ్రిజ్జు. మందులకని పెట్టించుకుని, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. రాణిగారు పోయి చూస్తే ఏముంది, కుండెడు పాలకోవా. షుగరుకి మాత్రలు మింగే మనిషి దాచుకున్నాడు. కుండ ముందుకి పొడుచుకొచ్చి తలుపు పడక, ఆ ఫ్రిజ్జు రాత్రింబవళ్ళు రొప్పుతోందన్నమాట.

రాజు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. రాణిగారు ఊరుకుంటుందా? ఫ్రిజ్జు గది బయటికి పోయింది, కోవా కోటలో పిల్లలకి పోయింది. తప్పయిపోయిందమ్మా అని రాజు కోడలి ముందు గొణిగాడు. నాంచారి ఆ పూటకి నానిన పప్పు గ్రైండర్లో పోసి, మావయ్యగారి చేతే స్విచ్చి వేయించింది. ఆ గరగర వినపడగానే రాజు గారెల కోసం పీట వాల్చుకున్నాడు. ఆ పూట గారెలు అందరూ కడుపునిండా తిన్నారు, సిగ్గులేకుండా రాజుగారు కూడా తిన్నాడు.

అంచేత, ఇంకొకరి వంటింట్లో దొంగని వెతికే ముందు మన గదిలో తలుపు పడిందో లేదో చూసుకోవాలర్రా.

కథ కంచి బస్సెక్కేసింది, మనం దుప్పట్లో దూరదాం. ఆ లైటు ఆర్పు, ఊరికే వెలుగుతోంది.